యాంటీబయాటిక్ వాడాక కోళ్ల కడుపు చెడితే

రెట్ట నీళ్లగా పడుతోంది. ముందు ఒక రెట్టను పుల్లతో కదిపి చూడండి. చుట్టూ నీళ్లుండి నడిమి ముద్ద గట్టిగానే ఉంటే అది విరేచనం కాదు, ఎండకు ఎక్కువ నీళ్లు తాగడం. ముద్దే కరిగిపోయి, అందులో మొక్కజొన్న పలుకులు అట్లే కనబడితే పేగు పని తప్పిందని అర్థం.

కారణం: కోడికి పేగు చివర రెండు గుడ్డి పేగులుంటాయి. అక్కడి మంచి సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు వదులుతాయి. పేగు గోడకు అవే తిండి, పేగు కదలికకూ అవి కావాలి. యాంటీబయాటిక్ చెడ్డవాటితో పాటు వీటినీ చంపుతుంది. ఎనిమిది పది రెట్టలకు ఒకటి ఈ గుడ్డి పేగుల నుంచి గోధుమరంగులో జిగటగా పడాలి. అది మాయమైతే అనుమానించండి.

మన అనంతపురం ఎండల్లో ఇంకో చిక్కుంది. లీటరుకు ఇంతని మందు కలిపి రోజంతా పెడితే, వేసవిలో కోడి రెట్టింపు నీళ్లు తాగి రెట్టింపు మందు మింగుతుంది. బరువు లెక్కన మోతాదు కట్టి, పొద్దున చల్లపూట తాగే నీళ్లలోనే కలపాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దానికే అతుక్కుని పని చేయదు. జబ్బు తగ్గలేదని మోతాదు పెంచేవాళ్లే ఎక్కువ. పెంచకండి, నీళ్లు మార్చండి.

సరిచేయడం: కోర్సు పూర్తయ్యాక ప్రోబయాటిక్ (బతికున్న మంచి సూక్ష్మజీవుల పొడి) పెట్టండి. మందు నడుస్తుండగా పెడితే అదీ చస్తుంది, క్లోరిన్ నీళ్లలో కలిపినా అంతే. నాలుగు నాటుకోళ్లకైతే పల్చటి మజ్జిగ కొంచెం చాలు. కోళ్ల కింద పరిచిన చెనిక్కాయ పొట్టు తడిస్తే తీసేసి పొడిది పరచండి.

పొద్దున్నే మెడ కింది మేత సంచి మెత్తగా నిండి, నోరు పుల్లటి వాసన కొడుతోందా? రాత్రికి ఖాళీ కావాల్సింది కాలేదు. యాంటీబయాటిక్ ఎక్కువ రోజులు వాడితే అక్కడ కాండిడా బూజు పెరుగుతుంది. మందు ఆపాలో లేదో, బూజును చంపే నిస్టాటిన్ ఎంతివ్వాలో పశువైద్యుణ్ణి అడగండి. తలకిందులు చేసి వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సంచి రాయిలా ఉంటే అది గడ్డి అడ్డుపడటం, వేరే సంగతి.

రెట్టలో నెత్తురుంటే రక్తపారుడు (కాక్సిడియోసిస్ అనే పేగు పరాన్నజీవి జబ్బు) కావచ్చు, దానికి ఆంప్రోలియం లాంటివి వాడతారు. ఆకుపచ్చ రెట్టతో మెడ తిరిగిపోతుంటే కొక్కెర తెగులేమో, అది వైరస్, ఏ యాంటీబయాటిక్కూ లొంగదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పాత డబ్బా ఇంట్లో ఉన్నా ముట్టొద్దు. కోళ్లకు దాని అమ్మకం 2019లోనే నిషేధించారు. చచ్చిన కోడిని అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి, కుళ్లితే పోస్టుమార్టంలో ఏమీ తేలదు.