గోల్ఫ్ ఐరన్ల సెట్ కొనే ముందు: మిస్‌హిట్‌ను కాచుకునే క్లబ్‌ను ఎంచుకోవడం ఎలా

షోరూమ్ సిమ్యులేటర్‌లో కొత్త 7-ఐరన్‌తో (లోహపు తల ఉన్న, మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) నాలుగు బంతులు కొడితే పాత సెట్ కంటే 15 గజాలు ఎక్కువ కనిపించడం మామూలే. ఆ అంకె చూసి బిల్లు కట్టేసేవాళ్లే ఎక్కువ. దూరం ఎందుకు పెరిగింది, చెడ్డగా తగిలిన బంతి (మిస్‌హిట్) ఎక్కడ పడింది అన్న రెండు ప్రశ్నలు అడిగితే సగం సెట్లు అక్కడికక్కడే జాబితాలోంచి పోతాయి. హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆటగాడు) 12 దాటిన ఆటగాడికి రెండో ప్రశ్నే ముఖ్యం. అతని స్కోరు పాడయ్యేది మంచి షాట్లు పది గజాలు తగ్గడం వల్ల కాదు, ఫేస్ (బంతిని తాకే ముఖం) మధ్యలో తగలని షాట్లు బంకర్లో (ఇసుక గుంటలో) పడటం వల్ల.

సోల్ (క్లబ్ హెడ్ అడుగు) మీద అంకెను నమ్మకండి

టైటిలిస్ట్ 2023లో తెచ్చిన రెండు సెట్లు చూడండి. టీ100లో 7-ఐరన్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి ఒరిగిన కోణం) 34 డిగ్రీలు. టీ350లో అదే 7-ఐరన్ 29 డిగ్రీలు. టీ100లో 6-ఐరనే 30 డిగ్రీలు. ఒక డిగ్రీ తగ్గితే 2, 3 గజాలు పెరుగుతాయని లెక్క వేసుకుంటే, ఈ రెండు 7-ఐరన్ల మధ్య ఒక క్లబ్‌కు మించిన తేడా కేవలం లాఫ్ట్‌దే. పైగా కొన్ని డిస్టెన్స్ సెట్లలో షాఫ్ట్ (క్లబ్ కర్ర) కూడా పావు నుంచి అర అంగుళం పొడుగు ఉంటుంది. కాబట్టి పాత 7తో కొత్త 7ను పోల్చకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ల పట్టిక తీసి, మీ పాత సెట్‌లో అదే లాఫ్ట్ ఉన్న క్లబ్‌తో పోల్చండి. అప్పుడు కూడా దూరం పెరిగితే అది పలచని ఫేస్ ఇచ్చిన అసలు లాభం.

అలాగని ఇదంతా మోసమని కొట్టిపారేయలేం. హెడ్ బరువును సోల్ దగ్గరికి దించితే బంతి పైకి లేస్తుంది. అంత పైకి లేస్తున్నప్పుడు లాఫ్ట్ కొంత తగ్గించినా ఎత్తు సరిపోతుంది. వేగంగా స్వింగ్ చేసేవాళ్లకు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. నెమ్మది స్వింగ్ ఉన్నవాళ్లకు చాలాసార్లు కుదరదు. బంతి తక్కువ ఎత్తులో, తక్కువ స్పిన్‌తో వెళ్లి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద పడి, ఆగకుండా ముందుకు దొర్లిపోతుంది. అందుకే లాంచ్ మానిటర్‌లో (బంతి ప్రయాణాన్ని కొలిచే యంత్రం) క్యారీతో (గాల్లో వెళ్లిన దూరం) పాటు ల్యాండింగ్ యాంగిల్ (బంతి కిందికి దిగే కోణం) కూడా అడిగి చూడండి. 7-ఐరన్‌కు అది 45 డిగ్రీల దగ్గర్లో ఉంటే గ్రీన్ బంతిని పట్టుకుంటుంది. 40 కంటే బాగా దిగిపోతే ఎండాకాలంలో గట్టిపడిన గ్రీన్ మీద ఆ బంతి నిలవదు. మొత్తం దూరం చూపించే అంకెలో ఈ దొర్లుడు కూడా కలిసే ఉంటుంది. ఆ అంకెను పట్టించుకోవద్దు.

మిస్‌హిట్‌ను కాచేది ఏమిటి

బంతి టో (హెడ్ బయటి కొస) వైపు తగిలినప్పుడు హెడ్ మెలి తిరుగుతుంది. ఫేస్ తెరుచుకుంటుంది, బంతికి వేగం పోతుంది. హెడ్ బరువంతా మధ్యలో కుప్పగా కాకుండా అంచుల వెంట పరుచుకుని ఉంటే మెలి తిరగడం తగ్గుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీర్‌గా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్ తన పింగ్ క్లబ్‌లను ఈ సూత్రం మీదే కట్టాడు. 1982లో వచ్చిన పింగ్ ఐ2 కావిటీ బ్యాక్‌ను (వెనక వైపు గుంట ఉన్న హెడ్) మామూలు ఆటగాళ్ల బ్యాగుల్లోకి తెచ్చింది. ఇప్పటి సెట్లలో టో వైపు, సోల్ కింద టంగ్‌స్టన్ ముక్కలు పెడుతున్నారు. స్టీల్ కంటే టంగ్‌స్టన్ దాదాపు రెండున్నర రెట్లు సాంద్రం కాబట్టి చిన్న ముక్కతోనే బరువు అనుకున్న మూలకు చేరుతుంది.

అమెచ్యూర్ల మిస్‌హిట్లు ఎక్కువగా ఫేస్ కింది భాగంలోనే తగులుతాయి. సోల్‌లో సన్నని గాడి, లేదా ఫేస్ అంచు సోల్ మీదికి మడిచినట్టుండే కప్ ఫేస్ పనికొచ్చేది అక్కడే. కింది భాగం కూడా స్ప్రింగులా వంగి బంతి వేగాన్ని కొంత కాపాడుతుంది.

చేతిలోకి తీసుకుని చూడాల్సినవి సోల్ వెడల్పు, ఆఫ్‌సెట్. వెడల్పైన సోల్ బంతికి ముందే నేలను తాకినా లోపలికి దిగబడకుండా జారుతుంది. వర్షాకాలంలో మెత్తబడిన ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే పొట్టి గడ్డి) మీద ఇది వరం. మే నెలలో హైదరాబాద్ నేల రాయిలా బిగుసుకున్నప్పుడు మాత్రం మరీ వెడల్పైన సోల్ ఎగిరి, లీడింగ్ ఎడ్జ్ (ఫేస్ కింది అంచు) బంతి నడుముకు తగులుతుంది. గోల్కొండ దగ్గర నయా ఖిల్లా కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఏడాది పొడవునా ఆడేవాళ్లు మరీ వెడల్పైన సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (మిస్‌హిట్‌ను అన్నిటికంటే ఎక్కువ కాచే రకం) సోల్ కంటే మధ్యస్థంగా ఉండి, వెనక అంచు కాస్త చెక్కినట్టుండే సోల్ తీసుకోవడం మేలు. డివట్లు (షాట్‌తో లేచే మట్టి పెళ్లలు) లోతుగా తీసే అలవాటున్నవాళ్లకు ఈ సలహా వర్తించదు, వాళ్లకు వెడల్పే కావాలి.

ఆఫ్‌సెట్ అంటే షాఫ్ట్ కంటే లీడింగ్ ఎడ్జ్ వెనక్కి ఉండటం. ఫేస్ సూటిగా తిరగడానికి రెప్పపాటు అదనపు సమయం దొరుకుతుంది కాబట్టి స్లైస్ (కుడికి వంపు తిరిగే షాట్) కొట్టేవాళ్లకు సాయం. మీ బంతి ఇప్పటికే ఎడమకు హుక్ అవుతుంటే ఎక్కువ ఆఫ్‌సెట్ ఉన్న సెట్ దాన్ని ఇంకా పెంచుతుంది. ఎంత ఫర్గివింగ్ (మిస్‌హిట్‌ను కాచేది) అని రాసి ఉన్నా వదిలేయండి. ఇక్కడ చెప్పినదంతా కుడిచేతి ఆటగాడి లెక్క.

ఎలా పరీక్షించాలి

రెండు మోడళ్లకు మించి ఒకే రోజు పరీక్షించకండి. మూడో క్లబ్‌కు వచ్చేసరికి అలిసిపోయిన ఒళ్లు క్లబ్ మీద నేరం మోపుతుంది. పదిహేను నిమిషాలు వార్మప్ అయ్యాక, ఫేస్ మీద ఇంపాక్ట్ స్టిక్కర్ అతికించండి. లేదంటే మెడికల్ షాపులో దొరికే ఫుట్ పౌడర్ స్ప్రే పలచగా కొట్టండి, బంతి తగిలిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. మొదటి క్లబ్‌తో పది, రెండో దానితో పది, మళ్లీ మొదటిదానితో పది, చివరికి రెండోదానితో పది. ఇలా మార్చి మార్చి కొడితే, ఒంటి వేడి పెరిగాక వచ్చే అదనపు దూరం ఒక్క క్లబ్ ఖాతాలోనే పడదు. మీరు ఆడే బంతి తీసుకెళ్లండి. రేంజ్ బంతులు తక్కువ దూరం పోతాయి, అరిగినవైతే ఒక్కోటి ఒక్కోలా పోతుంది.

ఒక్కో క్లబ్‌కు వచ్చిన ఇరవై క్యారీ అంకెలూ కాగితం మీద రాసి, పూర్తిగా చెడిన రెండింటిని, అద్భుతంగా కుదిరిన రెండింటిని కొట్టేయండి. మిగిలిన పదహారులో అతి తక్కువకు, అతి ఎక్కువకు తేడా ఎంతో చూడండి. ఒక క్లబ్ 132 నుంచి 154 గజాల దాకా, ఇంకొకటి 131 నుంచి 145 దాకా కొట్టిందనుకుందాం. సేల్స్‌మన్ మొదటిది చూపిస్తాడు, కొనాల్సింది రెండోది. కుడి ఎడమల వెడల్పు కూడా ఇలాగే తీయండి. పలచని ఫేస్ ఉన్న కొన్ని క్లబ్‌లలో ఉన్నట్టుండి ఒక బంతి పది, పన్నెండు గజాలు అదనంగా దూకుతుంది. రఫ్‌లోంచి (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డి) కొట్టినప్పుడు ఈ దూకుడు ఇంకా ఎక్కువ. గ్రీన్ వెనక నీళ్లుంటే అది వరం కాదు, శాపం.

షాఫ్ట్, లై

డబ్బంతా హెడ్‌కు పోసి, షాఫ్ట్ ఏది ఉంటే అది తీసుకునేవాళ్లే ఎక్కువ. డ్రైవర్ వేగం గంటకు 85 నుంచి 95 మైళ్లుంటే రెగ్యులర్, అంతకు పైన 105 దాకా స్టిఫ్, 85కు తక్కువైతే సీనియర్ ఫ్లెక్స్ (షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే స్థాయి) అన్నది ఒక మొదటి లెక్క మాత్రమే. ఒక కంపెనీ రెగ్యులర్, ఇంకో కంపెనీ స్టిఫ్ అంత గట్టిగా ఉండొచ్చు, వీటికి ఉమ్మడి కొలమానం లేదు. బరువు మాత్రం అబద్ధం చెప్పదు. గ్రాఫైట్ 55 నుంచి 80 గ్రాములు, తేలిక స్టీల్ 95 నుంచి 105, బరువు స్టీల్ 120 నుంచి 130. ఆట చివరి నాలుగు హోల్స్‌లో బంతులు కుడికి, పలచగా పోతుంటే షాఫ్ట్ బరువును అనుమానించండి. మోచేతి నొప్పి ఉన్నవాళ్లకు గ్రాఫైట్ కొంత ఉపశమనం. తేలిక మరీ ఎక్కువైతే స్వింగ్ తొందరపడి, తగిలే చోటు ఫేస్ అంతా చెల్లాచెదురవుతుంది. స్టిక్కర్ ఆ సంగతి వెంటనే చెబుతుంది.

లై యాంగిల్ (నేలతో షాఫ్ట్ చేసే కోణం) చూడటానికి ఖర్చేమీ లేదు. వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి మీద నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద అచ్చు పడుతుంది. గీత పైకొస టో వైపు ఒరిగితే క్లబ్ మీకు మరీ అప్‌రైట్ (నిటారు), బంతులు ఎడమకు లాగుతాయి. హీల్ (షాఫ్ట్ అతికిన కొస) వైపు ఒరిగితే మరీ ఫ్లాట్ (వాలు), కుడికి పోతాయి. లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్‌లలో ఈ తప్పు ఇంకా పెద్దగా కనిపిస్తుంది కాబట్టి 9-ఐరన్‌తో కూడా చూడండి. పోత పోసిన స్టెయిన్‌లెస్ హెడ్‌లను సాధారణంగా 2 డిగ్రీలకు మించి వంచరు. బోలు హెడ్‌లైతే అసలు వంచొచ్చో లేదో కొనే ముందే అడగాలి.

గ్రిప్ పట్టుకున్నప్పుడు ఎడమచేతి మధ్య రెండు వేళ్ల కొనలు అరచేతి కండను తాకీ తాకకుండా ఉండాలి. విశాఖ ఉక్కలో ఆడేవాళ్లు దారం కలిపిన కార్డ్ గ్రిప్ తీసుకుంటే చెమటకు జారదు.

ఎన్ని క్లబ్‌లు కొనాలి

బ్యాగులో 14 క్లబ్‌లే అనుమతి, కాబట్టి 4-ఐరన్ నుంచి కొనడం చాలామందికి దండగ. డిస్టెన్స్ సెట్లలో 5-ఐరన్ లాఫ్ట్ 22 డిగ్రీల దాకా దిగింది. నెమ్మది స్వింగ్‌తో దాన్ని గాల్లోకి లేపడం కష్టం, అది 6-ఐరన్ అంతే పోతుంది. మీ 5, 6 ఐరన్ల క్యారీలో ఏడెనిమిది గజాల తేడా కూడా రాకపోతే సెట్ 6 నుంచి తీసుకుని, 5 బదులు హైబ్రిడ్ (బంతిని సులువుగా పైకి లేపే క్లబ్) పెట్టుకోండి.

అసలు కన్నం కింది కొసలో పడుతుంది. పింగ్ జీ430లో పిచింగ్ వెడ్జ్ (9-ఐరన్ తర్వాత వచ్చే తక్కువ దూరపు క్లబ్) 41 డిగ్రీలు. దాని తర్వాత మీ పాత 56 డిగ్రీల శాండ్ వెడ్జే ఉంటే మధ్యలో 15 డిగ్రీలు, అంటే సుమారు 35 గజాల ఖాళీ. ఆ దూరాలన్నీ సగం స్వింగ్‌తో సర్దుకోవాలి, అమెచ్యూర్‌కు అంతకంటే కష్టమైన షాట్ లేదు. అందుకే ఆ సెట్‌లో 45.5, 50 డిగ్రీల వెడ్జ్‌లు కూడా దొరుకుతాయి. పిచింగ్ వెడ్జ్ నుంచి కిందికి 4, 5 డిగ్రీలకు ఒకటి చొప్పున లెక్కేసి, వాటి ధర కూడా సెట్ ధరలో కలుపుకుని చూడండి.

సెకండ్ హ్యాండ్ అయితే

ఫర్గివింగ్ సెట్లలో రెండు, మూడు తరాల వెనకవి కొన్నా ఆటలో పెద్దగా నష్టం లేదు. 8, 9, పిచింగ్ వెడ్జ్‌ల ఫేస్ ముందు చూడండి, అరుగుదల అక్కడే మొదలవుతుంది. గోరు పెట్టి లాగితే గాడి అంచుకు తట్టుకోవాలి. అన్ని క్లబ్‌లనూ గోడకు వరసగా ఆనిస్తే పొడవు ఒక్కో క్లబ్‌కు అర అంగుళం చొప్పున తగ్గుతూ రావాలి. మధ్యలో ఒకటి తేడాగా ఉంటే షాఫ్ట్ మార్చారనో, కోశారనో అర్థం. లాఫ్ట్‌లు కొలిపించండి, వాడకంలో ఒకటి రెండు డిగ్రీలు కదిలిన సెట్లు తరచూ ఎదురవుతాయి. బోలు హెడ్‌ను చెవి దగ్గర ఊపితే లోపల గలగల వినిపిస్తే జిగురు ముక్క ఊడిందని అర్థం, దాన్ని తీయించడానికి అయ్యే ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు. సీరియల్ నంబరు లేని కొత్త సెట్ సగం ధరకు వస్తోందంటే అది నకిలీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు క్లబ్‌లు క్యాబిన్‌లోకి రానివ్వరని, చెక్-ఇన్‌లోనే వేయాలని ముందే చెప్పండి. హెడ్‌లకు కవర్లు తొడిగి, అన్నిటికంటే పొడవుగా ఒక గట్టి కర్రను బ్యాగు మధ్యలో నిలబెడితే పైనుంచి పడే బరువు షాఫ్ట్‌ల మీద పడదు.