క్రీమ్ రాస్తున్నా ఎగ్జిమా తగ్గడం లేదా?

మా బాబుకి ఏడాది వయసు నుంచి ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు. ఇప్పుడు ఆరేళ్లు. ఎన్ని క్రీములు మార్చినా లాభం లేదని రాత్రుళ్లు వాడి చేతులు పట్టుకుని కూర్చుని ఏడ్చాను. చివరికి తేలిందేమిటంటే, చాలాసార్లు లోపం క్రీములో కాదు, రాసే తీరులో ఉంది.

రాసిన గంటకే మళ్లీ పొడిబారుతోంది

రాసే మాయిశ్చరైజర్ (తేమ నిలిపే మామూలు క్రీమ్) చాలడం లేదు. అందరం చేసే పొరపాటు ఇదే. ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మం పైపొర తేమను పట్టి ఉంచలేదు. శనగగింజంత క్రీమ్ తీసుకుని ఒళ్లంతా సాగదీస్తే ఏ మూలకొస్తుంది? ఒళ్లంతా రాయాల్సిన పిల్లలకు వారానికి 250 గ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ లెక్కన 50 గ్రాముల ట్యూబు రోజున్నర కూడా రాదు. అందుకే పెద్ద డబ్బా కొనండి. ఖరీదైనదే కానక్కర్లేదు, వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ కూడా బాగా పనిచేస్తుంది.

రెండోది, సమయం. గోరువెచ్చటి నీళ్లతో 5-10 నిమిషాల్లో స్నానం ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. మా డబ్బా బాత్రూమ్ తలుపు పక్కన స్టూలు మీదే ఉంటుంది. బట్టలు వేశాక రాద్దాంలే అనుకున్న రోజు స్కూలు బస్సు వచ్చేస్తుంది, ఇక అంతే.

సున్నిపిండితో నలుగు మాత్రం మానేయండి. మా అత్తయ్య ప్రేమగానే పెట్టేవారు, కానీ ఆ గరుకుకి మోచేతి మడతలు చిట్లిపోయేవి.

రాయగానే మంట అంటున్నాడు

గోకి చిట్లిన చోట కాసేపు చురుక్కుమనడం మామూలే. మంట తగ్గకపోయినా, ఎర్రబడినా అందులోని సువాసనో, యూరియానో పడటం లేదేమో చూడండి. క్రీమ్ కన్నా జిడ్డుగా, చిక్కగా ఉండే ఆయింట్‌మెంట్ తక్కువ మండుతుంది.

రాసిన చోట చిన్న చిన్న కురుపులు

గట్టిగా మర్దనా చేస్తే వెంట్రుకల కుదుళ్లు మూసుకుపోతాయి. వెంట్రుకలు వాలిన దిక్కుగా మెల్లగా రాయండి. ఎండాకాలం పగలు క్రీమ్, రాత్రి ఆయింట్‌మెంట్. డబ్బాలో వేళ్లు పెట్టకుండా శుభ్రమైన స్పూన్‌తో తీయండి.

ఎంత రాసినా ఎర్రదనం, దురద పోవడం లేదు

లోపల వాపు ఉంది. దానికి మాయిశ్చరైజర్ ఒక్కటే చాలదు, డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీమ్ కావాలి. రెంటికీ మధ్య అరగంట ఎడం ఇవ్వండి. దయచేసి మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చుకోవద్దు. అది ఎగ్జిమా కాక తామర (ఫంగస్ వల్ల వచ్చే రింగ్‌వార్మ్) అయితే స్టెరాయిడ్‌తో ఇంకా పాకుతుంది.

పసుపు పక్కులు కట్టి రసి కారుతున్నా, జ్వరంతో పాటు నొప్పి పుట్టే నీటి పొక్కులు గుంపుగా లేచినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఇంకొకటి, క్రీమ్ ఇంకిన బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. వంటింట్లో స్టవ్ దగ్గర, దీపావళికి టపాసుల దగ్గర పిల్లల్ని ఒక కంట కనిపెట్టి ఉండండి.