గ్యారేజీ బిల్లు ఎక్కువొచ్చిందా? ఏ లైన్లో తేడా ఉందో పట్టుకోండి

కారు ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని శబ్దం. బెంగళూరు గుంతల్లో ఏడాది తిరిగితే ఏ కారుకైనా వచ్చేదే. మారతహళ్లి వైపు ఒక గ్యారేజీలో ఇచ్చి, పనిలో పనిగా సర్వీస్ కూడా చెయ్యమన్నాను. నోటిమాటగా ఆరున్నర వేలన్నారు. సాయంత్రానికి బిల్లు 14,870. ఇదేంటన్నా అంటే "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" (కొంచెం సర్దుకోండి సార్) అని 370 తగ్గించారు. ఏపీ నంబరు ప్లేటు, మెడలో ఐడీ కార్డు చూశాక మన సంగతి వాళ్లకి తెలిసిపోతుంది లెండి.

డబ్బు కట్టేసి ఇంటికొచ్చి, కారు మాన్యువల్ పక్కన పెట్టుకుని బిల్లు చదివాను. మొత్తం ఎక్కువైందని గొడవ పడితే ఆ 370 తప్ప ఏమీ రాదు. ఫలానా లైన్ తప్పని చూపిస్తే మాత్రం వాళ్లు సమాధానం చెప్పి తీరాలి.

లక్షణం: చెప్పినదానికి రెట్టింపు బిల్లు

ఇది ప్రతిసారీ మోసమే కాదు. చక్రం దగ్గరుండే లింక్ రాడ్ శబ్దం అనుకుని విప్పితే, అక్కడే ఉండే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ పోయి ఉండొచ్చు. విప్పితే గానీ కొన్ని తెలియవు. రెండో కారణం మనమే: "మీరే చూసుకోండి అన్నా" అని తాళం ఇచ్చేసి ఆఫీసుకి పరుగెత్తడం. ఆ మాటని వాళ్లు అన్నిటికీ పర్మిషన్ అనుకుంటారు.

తాళం ఇచ్చేముందే ఏయే పనులు, ఎంతెంత అని జాబ్ కార్డు (గ్యారేజీవాళ్లు పనులు రాసుకునే కాగితం) మీద రాయించండి. తర్వాత ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి: "ఇంతకు మించితే ఫోటో, రేటు పంపండి, నేను సరే అన్నాకే చెయ్యండి." తీసేసిన పార్టులు డిక్కీలో పెట్టమని కూడా అప్పుడే చెప్పాలి. సాయంత్రం అడిగితే "చెత్తలో పడేశాం సార్" అంటారు. బ్రేక్ డిస్క్ మార్చాలని వాళ్లంటే, అరిగాక కనీసం ఎంత మందం ఉండాలో సాధారణంగా డిస్క్ మీదే ముద్రించి ఉంటుంది. కొలిచి చూపించమనండి.

లక్షణం: పార్టుల ధర మీద మళ్లీ జీఎస్టీ

నా బిల్లులో పెద్ద చిల్లు ఇక్కడే పడింది, బహుశా మీ బిల్లులోనూ ఇక్కడే ఉంటుంది. ప్యాకెట్ మీద ఉండే ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎమ్మార్పీ 1,180 ఉన్న పార్టుకి బిల్లులో అసలు ధర 1,000, జీఎస్టీ 180 అని రావాలి. కొందరు 1,180నే అసలు ధరగా వేసి, దాని మీద 18 శాతం కలిపి 1,392 చేస్తారు. కంప్యూటర్ బిల్లు, కింద టాక్స్ లెక్క నీట్‌గా ఉంటుంది కాబట్టి మనకి అనుమానం రాదు. అందుకే పార్టుల ఖాళీ పెట్టెలు కూడా అడిగి తీసుకోండి, లేదా వాటి ఫోటో తీసుకోండి. ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకుంటే తూనికలు కొలతల శాఖకి ఫిర్యాదు చెయ్యొచ్చు.

పన్ను శాతం కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఇంకా 14+14 అని 28 శాతం కనిపిస్తే వాళ్ల సాఫ్ట్‌వేర్ పాతదై ఉండాలి, లేదా మనిషి గడుసువాడై ఉండాలి. కచ్చా బిల్లు మీద జీఎస్టీ నంబరే లేకుండా "జీఎస్టీ 18%" అని రాస్తే కట్టొద్దు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి పన్ను వసూలు చేసే హక్కు లేదు. కర్ణాటక జీఎస్టీ నంబరు 29తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది.

ఇక ఇంజిన్ ఆయిల్. నా కారుకి మాన్యువల్ ప్రకారం ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు. బిల్లులో 4 ఉంది. డ్రమ్ము నుంచి పోస్తే పట్టుకోవడం కష్టం, కాబట్టి సీలు తియ్యని డబ్బా అడగండి, మిగిలింది మీరే తెచ్చుకోండి.

ధర మీదే అనుమానమైతే పార్ట్ నంబరు రాసుకుని, బెంగళూరులో విడిభాగాల షాపులుండే జేసీ రోడ్డులో రెండు షాపుల్లో అడగండి. కంపెనీ పార్టుకి, బయటి పార్టుకి తేడా ఎంతో అక్కడ తెలిసిపోతుంది. కంపెనీ రేటు వేసి బయటి పార్టు బిగించారా అన్నది పెట్టె చూస్తే తేలుతుంది.

లక్షణం: లేబర్ రెండుసార్లు

క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. దింపాక దాని వెనకున్న క్రాంక్ ఆయిల్ సీల్ మార్చడానికి మళ్లీ దింపక్కర్లేదు కదా! బిల్లులో రెండు పనులకీ పూర్తి లేబర్ ఉంటే, "ఎన్నిసార్లు దింపారు?" అని మెల్లగా అడగండి.

లక్షణం: అడగని సేవలు

ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ గ్యాస్ టాప్ అప్. ఏసీ మూసి ఉన్న వ్యవస్థ, గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టు. లీకు వెతక్కుండా గ్యాస్ నింపితే మళ్లీ ఎండాకాలానికి అదే బిల్లు కడతారు. పెద్ద సర్వీస్ సెంటర్లలో ఇలాంటివి ఎక్కువ, అక్కడ అడ్వైజర్లకి టార్గెట్లుంటాయి. మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికలో లేని పనికి కారణం రాసివ్వమంటే చాలావరకు వాళ్లే బిల్లులోంచి ఆ లైన్ తీసేస్తారు.

ఇన్సూరెన్స్ పనిలో మీ జేబు నుంచి కొంత పోవడం మాత్రం మామూలే. జీరో డెప్ (పార్టుల పాతదనానికి కోత వెయ్యకుండా ఇచ్చే కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగమే వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ రిపోర్టు అడిగి, తేడా సరిపోయిందో లేదో చూసుకోండి.

లక్షణం: డబ్బు కడితేనే కారు అంటున్నారు

ఇక్కడ అరిచి లాభం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 170 ప్రకారం, చేసిన పనికి కూలీ ఇచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు రిపేరు చేసినవాళ్లకి ఉంది. యూపీఐలో కట్టేయండి, క్యాష్ వద్దు. ఫలానా లైన్ల మీద అభ్యంతరంతో కడుతున్నానని అప్పుడే మెసేజ్ పెట్టండి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి, కాబట్టి అది మాత్రం వదలొద్దు.

తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ఆర్డర్లు వెయ్యరు, రాజీకి ప్రయత్నిస్తారు. కుదరకపోతే ఈ-జాగృతి పోర్టల్లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కేసు. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి.

నా విషయం అంతదాకా పోలేదు. మర్నాడు పొద్దున్నే, రద్దీ లేనప్పుడు వెళ్లి మూడు లైన్ల కింద గీతలు గీసి చూపించాను. ఎమ్మార్పీ మీద వేసిన జీఎస్టీ 1,062, పొయ్యని ఆయిల్ 450, మొత్తం 1,512 ఫోన్‌పే చేశారు. అడగని ఏసీ గ్యాస్ దగ్గర మాత్రం పంతం పట్టారు, వదిలేశాను. శబ్దం నిజంగానే పోయింది కాబట్టి ఇప్పటికీ అక్కడికే వెళ్తున్నాను. తాళం ఇచ్చేముందు డిక్కీలో ఒక గోనెసంచి పరిచి, పాత పార్టులు ఇందులో అని చెప్పి వస్తున్నాను.