కారు హీటెక్కుతోందా? మొదట కూలెంట్, తర్వాత కండెన్సర్ వెనక బురద

బండి హీటెక్కుతోందని చెప్పగానే నాలుగు వైపుల నుంచీ ఒకే మాట వినిపిస్తుంది: "హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ దాని మీది హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయుంటుంది." అక్కడి దాకా వెళ్లేలోపు చూడాల్సినవి అరడజను ఉన్నాయి. వాటిలో మొదటిదానికి స్పానర్ కూడా అక్కర్లేదు. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపలికి చూడండి. కూలెంట్ మూతి దాకా కనిపించాలి. పదిమందిలో ఒకరు కూడా ఈ పని చేసి షెడ్డుకి రారు.

పక్కన ఉన్న తెల్ల బాటిల్ చూసి "ఫుల్లుగానే ఉందండి" అంటే లెక్కలోకి రాదు. అది సన్నపైపుతో రేడియేటర్‌కి కలిపిన నిల్వ మాత్రమే. వేడికి పొంగిన కూలెంట్ బాటిల్లోకి వస్తుంది, చల్లారాక మూతలోని చిన్న వాల్వ్ గుండా మళ్లీ లోపలికి పోవాలి. ఆ వాల్వ్ పట్టేసినా, సన్నపైపు చీలినా తిరుగు ప్రయాణం ఉండదు. బాటిల్ నిండుగా, రేడియేటర్ వెలితిగా మిగులుతాయి. కొన్ని కొత్త కార్లలో రేడియేటర్ మీద మూతే ఉండదు, లావాటి, మర తిప్పి బిగించే మూత బాటిల్‌కే ఉంటుంది. వాటిలో మాత్రం బాటిల్ మీద గీతలు నిజమే చెబుతాయి, అదీ ఇంజన్ చల్లగా ఉంటేనే.

మూత చేతిలో ఉండగానే దాని కింది రబ్బరు కూడా చూడండి. బీటలు పడితే మార్చేయండి. మూత మీద 0.9 అనో 1.1 అనో, లేదంటే 88, 108 అనో ఒత్తిడి అంకె ఉంటుంది. కొత్తదీ అదే అంకెది కావాలి. సగం నీళ్లు సగం కూలెంట్ కలిపిన ద్రవం బయట గిన్నెలో అయితే 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత పట్టి ఉంచే ఒత్తిడి వల్ల ఇంజన్‌లో 125 దాటే దాకా మరగదు. మూత వదులైతే ఆ తేడా మొత్తం పోయినట్టే. బండిలో బాగా చవకైన సామాన్లలో ఇదొకటి, దీన్ని వదిలేసి వాటర్ పంపు మార్చినవాళ్లు బోలెడుమంది.

వారానికోసారి కూలెంట్ పోయాల్సి వస్తోందంటే లీకు వెతకాలి. హోస్ క్లిప్పులు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం, డ్యాష్‌బోర్డులోని హీటర్ కారి ఎడమవైపు సీటు కింద తడిసిన కార్పెట్. వీటిలోనే ఎక్కడో దొరుకుతుంది. పోసేది బోరు నీళ్లు మాత్రం వద్దు. మన విశాఖ లాంటి సముద్రం పక్క ఊళ్లో బోరు నీళ్లంటే ఉప్పు, సున్నం రెండూ ఉంటాయి. బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటర్), కూలెంట్ చెరి సగం.

ఎక్కడ హీటెక్కుతోంది?

దీనికి సరిగా జవాబు చెప్తే సగం పని అయిపోయినట్టే.

ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరో గాజువాకలోనో ట్రాఫిక్‌లో నిలబడితే మీటరులో వేడి చూపే ముల్లు లేస్తోంది, బండి కదిలితే దిగుతోంది అంటే ఫ్యాన్. ఏసీ ఆన్ చేసి బానెట్ ఎత్తండి, ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి. మోటారుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు తిరిగితే లోపల బ్రష్‌లు అరిగాయి, రేపో ఎల్లుండో మళ్లీ ఆగుతుంది. అంబాసిడర్ కాలం బళ్లలో ఫ్యాన్ బెల్టుతో తిరుగుతుంది, బెల్టు వదులైతే అదే రోగం. బొలెరో, సుమో లాంటి డీజిల్ బళ్లలో ఫ్యాన్‌కి విస్కస్ కప్లింగ్ (నూనె పట్టుతో ఫ్యాన్‌ని తిప్పే జోడింపు) ఉండొచ్చు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యాన్‌ని చేత్తో తిప్పండి. గింగిరాలు తిరిగితే అందులో నూనె పోయినట్టు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ మీద ఈ ప్రయోగం చేయకండి, అది ఇంజన్ ఆపినా తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది.

స్టార్ట్ చేసిన నాలుగైదు నిమిషాలకే ముల్లు పైకి పోతోంది, రేడియేటర్ కింది హోస్ మాత్రం చల్లగా ఉంది అంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకోవట్లేదు. విప్పి వేడినీళ్ల గిన్నెలో వేస్తే సాధారణంగా 82 డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టి, 95 దగ్గరికి పూర్తిగా తెరుచుకోవాలి. కచ్చితమైన అంకె దాని మీదే ఉంటుంది.

"మన ఊరి ఎండకి ఇదెందుకండీ" అని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు ఇంకా పోలేదు. పాత కార్బురేటర్ బండి దాన్ని ఎలాగో ఓర్చుకుంది. కొత్త బండిలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, మైలేజీ పోతుంది. హీటు తగ్గించడానికని చేసిన పని బేరింగుల మీదికి వస్తుంది.

ఇక మూడోది. సిగ్నల్ దగ్గర ఏ ఇబ్బందీ లేదు, ఆనందపురం దాటి హైవే మీద 80 పైన నడిపినా, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినా ముల్లు మెల్లగా లేస్తుంది. ఫ్యాన్ తిరుగుతోంది, కూలెంట్ నిండుగా ఉంది, మూత కొత్తది, థర్మోస్టాట్ మంచిది, లీకు ఎక్కడా లేదు. సరిగ్గా ఇక్కడే మెకానిక్‌లు కూడా దారి తప్పి పంపు మార్చేస్తారు, అది చాలక హెడ్ విప్పేస్తారు.

కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య

బంపర్ జాలీలోంచి చూస్తే కనిపించేది రేడియేటర్ కాదు, ఏసీ లాగిన వేడిని బయటికి వదిలే కండెన్సర్. రేడియేటర్ దాని వెనక, రెండు మూడు వేళ్ల సందులో ఉంటుంది. వాషింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ నీళ్ల తుపాకీ ముందునుంచే కొడతారు. కండెన్సర్ మెరుస్తుంది. అక్కడున్న దుమ్ము, పురుగుల రెక్కలు, ఎండుటాకులు అన్నీ ఆ సందులోకి పోయి రేడియేటర్ ముఖానికి అట్టలా అంటుకుంటాయి. అలా నాలుగేళ్లు కడిగించిన బండికి అది కంబళి కప్పుకున్నంత మందాన ఉంటుంది.

మన ఊళ్లో దీనికి తోడు మరో రెండున్నాయి. పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్ నుంచి మల్కాపురం మీదుగా గాజువాక దాకా తిరిగే బళ్ల మీద బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము పడుతుంది. బీచ్ రోడ్డు మీంచి భీమిలి వైపు తిరిగే బళ్లకి ఉప్పు తేమ పడుతుంది. రెండూ కలిస్తే పొడిగా రాలని నల్లటి ముద్ద తయారవుతుంది. గాలి కొడితే ఎగరదు, చేత్తో రుద్దితే జిడ్డులా పూసుకుంటుంది.

పరీక్ష తేలిక. రాత్రిపూట బండి ఆపి, ఇంజన్ చల్లారాక, రేడియేటర్ వెనక ఫ్యాన్ పక్క ఖాళీలోంచి టార్చి వేసి ముందునుంచి చూడండి. రేడియేటర్ గొట్టాలకి అంటుకున్న పలచటి రేకు రెక్కల మధ్య సన్నటి వెలుగు గీతలు అంతటా కనిపించాలి. ముఖ్యంగా కింది సగంలో చీకటిగా ఉంటే అట్ట కట్టినట్టే.

శుభ్రం చేయడం ఇలా. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఆల్టర్నేటర్‌కి, ఫ్యాన్ మోటారుకి, దగ్గర్లోని కనెక్టర్లకి పాలిథీన్ కవరు చుట్టాలి. చాలా బళ్లలో రేడియేటర్ పైన రెండు బోల్టులు, రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి విప్పితే, ఏసీ పైపులు ముట్టుకోకుండానే రేడియేటర్ వెనక్కి ఒరిగి చెయ్యి పట్టేంత సందు వస్తుంది. ముందు మెత్తటి బ్రష్‌తో, రెక్కల గీతల వెంటే నిలువుగానో అడ్డంగానో, పొడి చెత్త దులపండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బునీళ్లు చిమ్మి పది నిమిషాలు నాననివ్వండి. తోట పైపుతో, తక్కువ ఒత్తిడితో, ఇంజన్ వైపు నుంచి ముందుకి కడగండి. చెత్త వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మొదట నల్లగా, తర్వాత బూడిదరంగులో, ఆఖరికి తేటగా నీళ్లు వస్తాయి. ఒక్కసారికి తేటపడదు, మళ్లీ సబ్బు, మళ్లీ నీళ్లు. కాస్టిక్ సోడా, టాయిలెట్ యాసిడ్ లాంటివి దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియాన్ని అవి తినేస్తాయి. నీళ్ల తుపాకీ అయితే రెక్కల్ని పడుకోబెడుతుంది, అప్పుడు మట్టి లేకపోయినా గాలి దూరదు.

టార్చి వెలుగు చక్కగా వస్తోంది, అయినా ఘాట్‌లో హీటెక్కుతోంది. అప్పుడు గోరుతో ఒక రెక్కని మెల్లగా నొక్కండి. మంచి రెక్క వంగుతుంది. ఉప్పుగాలి తిన్న రెక్క బిస్కెట్‌లా పొడై రాలుతుంది, వేలికి తెల్లటి బూడిద అంటుతుంది, ఇత్తడి-రాగి రేడియేటర్ అయితే ఆకుపచ్చటి పొడి. గొట్టాలు బాగానే ఉన్నాయి కాబట్టి చుక్క కూలెంట్ కారదు. వేడిని గొట్టం నుంచి గాలికి అందించాల్సింది రెక్కే, అది గొట్టాన్ని వదిలేశాక రేడియేటర్ ఉన్నా లేనట్టే. "లీకు లేదు, రేడియేటర్ బాగుంది" అనే మాట ఈ ఊళ్లో నమ్మకూడదు.

నిర్ధారించుకోవాలంటే, దూరం నుంచి వేడి కొలిచే లేజర్ థర్మామీటర్ తీసుకుని ఇంజన్ బాగా వేడెక్కి ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు పై హోస్, కింది హోస్ రెండూ కొలవండి. 5 డిగ్రీల తేడా కూడా లేకపోతే రేడియేటర్ వేడి వదలట్లేదు. రెక్కలు పోయినా, ముందు అట్ట కట్టినా ఇదే వస్తుంది, ఆ రెంటిలో ఏదో టార్చి చెబుతుంది. రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా చల్లటి మచ్చలుంటే మాత్రం లోపల గొట్టాలు పూడాయి.

ఇత్తడి-రాగి రేడియేటర్‌కి రాడింగ్ (గొట్టాల్లో ఊచ దూర్చి శుభ్రం చేయడం) చేయించవచ్చు, రెక్కలు పోతే కోర్ (గొట్టాలు, రెక్కలు ఉండే నడిమి భాగం) మార్పించవచ్చు. అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్నదానికి ఈ రిపేర్లు నిలబడవు, మొత్తం మార్చడమే. కొత్తది కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి రెండు చూడండి: కోర్ మందం, అంగుళానికి రెక్కలు ఎన్ని. చవకరకంలో రెండూ తగ్గుతాయి. ఊళ్లో తేడా తెలియదు, అరకు రోడ్డెక్కితే తెలుస్తుంది.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్, రేడియేటర్ పక్కల ఫోమ్ పట్టీలు, బంపర్ కింద స్పీడ్‌బ్రేకర్లకి విరిగిపోయే ప్లాస్టిక్ తడక, అన్నీ తిరిగి బిగించాలి. అవి లేకపోతే గాలి తేలికదారి చూసుకుని రేడియేటర్ పక్క నుంచి పోతుంది. జాలీ వెనక కట్టిన దోమతెర తీసేయండి.

ఆయిల్ సంగతి

హీటెక్కిన ఇంజన్‌లో ఆయిల్ పలచబడుతుంది, పలచబడితే రాపిడి పెరుగుతుంది, రాపిడి మళ్లీ హీటే. సమతలం మీద బండి ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడండి. చాలా కార్లలో కింది గీతకీ పై గీతకీ మధ్య సుమారు ఒక లీటరు. పై గీత దాటించినా తప్పే, క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగుని కాపాడదు.

పాత బళ్లకి 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిళ్లు నప్పేవి. కొత్త పెట్రోల్ ఇంజన్లకి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పలచటివి రాస్తారు. "ఎండలకి చిక్కటిదే మంచిది" అని కొత్త ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వాల్వ్ టైమింగ్ భాగాలు మందగిస్తాయి, బండి లాగదు. అరిగిన పాత ఇంజన్‌లో పలచటిది పోస్తే వేడి మీద ఐడ్లింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమంటుంది. ఆ లైటు వెలిగాక కిలోమీటరు కూడా నడపొద్దు.

ఆయిల్ మూత కింద మజ్జిగలాంటి తెల్లటి పూత కనిపిస్తే కంగారు పడకండి. వానాకాలంలో, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండికి ఈ ఊరి తేమతో అది మామూలే. డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే అప్పుడు గాస్కెట్ మాట ఎత్తవచ్చు.

బండి లాగట్లేదు

హీటుతో పాటే పికప్ పోతే ప్లగ్గులు మార్చడం దండగ. ఇంజన్ వేడి మితిమీరితే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, ఏసీ కంప్రెసర్ కట్ చేస్తుంది, టర్బో డీజిల్ అయితే శక్తే తగ్గించేస్తుంది. ఎక్కుడులో ఏసీ గాలి ఉన్నట్టుండి వెచ్చబడి బండి బరువెక్కితే అది గ్యాస్ తక్కువై కాకపోవచ్చు, ఇంజన్ తనని తాను కాపాడుకుంటోంది. పాత బండికి అలా కాపాడేవాడు లేడు, టకటకమని నాకింగ్ చప్పుడు చేసి ఊరుకుంటుంది.

హీటు లేకుండా లాగకపోతే ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయల్ ఫిల్టర్. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్. బండి ఆపాక ఒక చక్రం మాత్రమే కాలిపోతుంటే బ్రేకు పట్టేసింది, అది హీటుకీ ఒక కారణమే.

మిగతావి అరుదు. పూడిన క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే డబ్బా), వేగంలో లోపలికి నొక్కుకుపోయే కింది హోస్, రెక్క అరిగిన పంపు, చీలిన హెడ్. గాస్కెట్ నిజంగా పోతే సాధారణంగా దాచుకోదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే హోస్‌లు రాయిలా బిగుస్తాయి, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి, సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంది. ఇవేవీ, డిప్‌స్టిక్ మీద ఆ టీ రంగూ లేకుండా హెడ్ విప్పనివ్వకండి.

పని అయ్యాక పరీక్ష మీటరు ముల్లుతో వద్దు. కొత్త కార్లలో చాలావాటికి ముల్లు మధ్యలోనే ఉండేలా చేస్తారు, అది కదిలేసరికే ఆలస్యం. కొన్నిటికి ముల్లే లేదు, ఎర్ర లైటే. ఇంజన్ వేడిని అంకెల్లో చూపే ఓబీడీ రీడర్ పెట్టి, ఏసీ ఆన్ చేసి, సింహాచలం ఘాట్ రెండో గేరులో ఎక్కించండి. 90కీ 100కీ మధ్య ఆడుతూ, పైకెళ్లాక అయిదు నిమిషాల్లో దిగితే బండి తీసుకెళ్లొచ్చు. 105 దాటి ఇంకా పాకుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి, పక్కకి తీసి ఆపండి. మూత ముట్టుకోకుండా, నీళ్లు గుమ్మరించకుండా, ముప్పావుగంట ఆగండి. కిందికి దిగాక అప్పుడు వాటర్ పంపు విప్పించండి.