పంటి వేరు చూసి దవడ ఎదుగుదలను అంచనా వేయడం ఎలా

ఎత్తుపళ్ళతో వచ్చిన పిల్లాడికి కింది దవడ వెనక్కి ఉందని తేలగానే, అమ్మానాన్నలు అడిగేది ఒకటే: "ఇప్పుడే మొదలుపెట్టాలా డాక్టర్, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?" దయచేసి వయసు చూసి జవాబు చెప్పేయకండి. పన్నెండేళ్ల అమ్మాయి, పన్నెండేళ్ల అబ్బాయి ఒకే క్లాసులో చదువుతున్నా, అమ్మాయికి ఎదుగుదల ఉధృతి అప్పటికే దాటిపోతూ ఉండొచ్చు, అబ్బాయికి ఇంకా మొదలే కాకపోవచ్చు. కింది దవడను ముందుకు పట్టి ఉంచే ట్విన్ బ్లాక్ లాంటి అప్లయన్స్‌లు ఆ ఉధృతి ఉన్న రోజుల్లో పెడితేనే దవడ బాగా కలిసొస్తుంది.

పన్ను నోట్లోకి వచ్చిందా లేదా అన్నది చూసి కూడా లెక్క కట్టొద్దు. పాలపన్ను పుచ్చిపోయి ముందే తీసేస్తే దాని కింది పన్ను తొందరగానో ఆలస్యంగానో వస్తుంది, చోటు చాలకపోతే లోపలే ఇరుక్కుపోతుంది. లోపల వేరు కట్టుకునే క్రమం మాత్రం ఇలాంటివాటికి అంత తేలిగ్గా మారదు. అందుకే వేరు చూడాలి. పైగా అది కనిపించే ఓపీజీ, అంటే పళ్ళూ దవడలూ అన్నీ ఒకేసారి పడే ఎక్స్‌రే, చాలామటుకు మన టేబుల్ మీద అప్పటికే ఉంటుంది, ఎముకల ఎదుగుదల చూసే చేతి ఎక్స్‌రే దీనికోసం పిల్లాడికి అదనంగా తీయక్కర్లేదు.

ఓపీజీలో రెండు పళ్ళు చాలు: 33, అంటే ఎడమవైపు కింది కోరపన్ను, 37, అదే వైపు సెకండ్ మోలార్. పై పళ్ళ వేళ్ల మీద సైనస్, అంగిలి నీడలు పడి కొన సరిగ్గా తెలియదు కాబట్టి కింది పళ్ళనే ఎంచుకుంటాం. పన్ను కట్టుకునే క్రమానికి 1973లో డెమిర్జియన్ బృందం ఇచ్చిన ఎ నుంచి హెచ్ దాకా ఉన్న ఎనిమిది దశల్లో మనకు పనికొచ్చేవి డి నుంచి మొదలవుతాయి. మిల్లీమీటర్లు కొలిచే పని లేదు, అదే పంటి కిరీటంతో, అంటే వేరు పైన ఉండే భాగంతో, వేరు పొడవును పోల్చి చూడటమే, కాబట్టి ఓపీజీలో బొమ్మ కాస్త పెద్దదిగా పడినా పెద్ద ఇబ్బంది రాదు.

37ని జూమ్ చేసి చూడండి. కిరీటం పూర్తయి వేరు అప్పుడప్పుడే మొదలైతే డి. రెండు వేళ్లు విడిపోయే చోట చిన్న చుక్కో, నెలవంకో కనిపించి, వేరు ఇంకా కిరీటం కంటే పొట్టిగా ఉంటే ఇ. వేరు కిరీటమంత పొడవుకి గానీ, అంతకంటే ఎక్కువకి గానీ వచ్చి, కొన గరాటులా విచ్చుకుని ఉంటే ఎఫ్. ఆ గరాటు పోయి వేరు లోపలి కాలువ గోడలు రెండూ రైలు పట్టాల్లా సమాంతరంగా దిగి, కొన మాత్రం ఇంకా కొంచెం తెరుచుకుని ఉంటే జి. కొన మూసుకుపోయి, చుట్టూ పన్నును ఎముకకి పట్టి ఉంచే లిగమెంట్ నల్లగీత ఒకే మందంలో తిరిగితే హెచ్. జి, హెచ్ మధ్య తేడా పట్టాలంటే మోలార్‌లో వెనక వేరు కొననే చూడాలి, ముందు వేరు చూసి మోసపోయేవాళ్ళు చాలామంది. రెండు దశల మధ్య ఊగిసలాడితే వాటిలో ముందుగా వచ్చే దశనే రాసుకోండి, అది డెమిర్జియన్ పెట్టిన నియమమే.

ఇక అర్థం చెప్పుకోవడం. 37 డి, ఇ దశల్లో ఉంటే మామూలుగా ఉధృతి ఇంకా రాలేదు. ఎఫ్, జిల్లో ఉంటే దాని చుట్టుపక్కలే ఉన్నాం, హెచ్ అయితే దాదాపు దాటిపోయింది. కోరపన్ను ఎఫ్‌లో ఉంటే ఉధృతి దగ్గరపడుతోందని, జికి వస్తే వచ్చేసిందని అనుకోవచ్చు. ఒకే ఎముక దశలో ఉన్న అబ్బాయి పళ్ళు అమ్మాయి పళ్ళ కంటే కాస్త ముందుండటం చాలా అధ్యయనాల్లో కనిపించింది, అందుకని అబ్బాయి పంటిలో జి చూసి కంగారు పడిపోకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పన్ను "ఇంకా టైముంది" అని చెబితే బాగానే నమ్మొచ్చు, "సరిగ్గా ఇదే సమయం" అని చెబితే ఒక్క దాన్నే నమ్మి అప్లయన్స్ పెట్టకండి. ఎఫ్, జి దశలు చాలాకాలం నడుస్తాయి, ఉధృతి అంతకాలం ఉండదు. ఎఫ్ కనిపించగానే లాటరల్ సెఫలోగ్రామ్‌లో, అంటే తలకి పక్కనుంచి తీసే ఎక్స్‌రేలో, మెడ వెన్నుపూసలు చూడండి: రెండోదాని, మూడోదాని అడుగు అంచులు లోపలికి వంగి నాలుగోది ఇంకా చదునుగా ఉంటే, అది మెడ వెన్నుపూసలతో ఎదుగుదలను లెక్కగట్టే సీవీఎం పద్ధతిలో మూడో దశ, మొదలుపెట్టాల్సిన సమయం. అమ్మాయి పెద్దమనిషైందా, ఎప్పుడు అని తల్లిని పక్కకి పిలిచి అడగండి. ఏడాది దాటిందంటే ఉధృతి వెనకబడిపోయినట్టే.

కింది దవడ ముందుకొచ్చిన పిల్లల సంగతి వేరు. పై దవడ చిన్నదై, దాన్ని ముందుకు లాగే ఫేస్ మాస్క్ అవసరమయ్యేవాళ్ళలో ఎఫ్ కోసం ఎదురుచూస్తే పిల్లాడికి అన్యాయం చేసినట్టే, 37 డిలో ఉండగానే పని మొదలవ్వాలి.

ఆగుదాం అనుకున్నప్పుడు ఆరు నెలలకోసారి ఓపీజీ తీయించకండి. గోడకి ఒక స్కేల్ అతికించి, వచ్చినప్పుడల్లా చెప్పులు విప్పించి ఎత్తు కొలిచి, కేస్ షీట్‌లో తేదీతో రాయండి. మూడు నెలలకోసారి రమ్మంటే చాలు. ఎత్తు ఒక్కసారిగా ఊపందుకుంటే అప్పుడు ఎక్స్‌రేకి పంపండి.