లాక్‌డౌన్‌లో ఇంట్లోనే భయమైతే: ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

చేతిలో డబ్బు లేక, ఒక్క గదిలో నలుగురూ రోజంతా కూర్చుంటే మాట పెరుగుతుంది. ఒకరు మేడ మీదకెళ్లి అరగంట ఆగితే చాలా గొడవలు చల్లారతాయి. కానీ మీ భర్త అడుగుల చప్పుడుకే గుండె దడ పుడుతుంటే, ఫోన్ లాక్కుంటుంటే, చెయ్యి చేసుకుంటుంటే అది చికాకు కాదు, హింస. సర్దుకుపోతే ఆగేది కాదు.

లాక్‌డౌన్‌లో అసలు చిక్కు, అతను ఇల్లు కదలడు, మీకు ఫోన్ మాట్లాడే చాటు ఉండదు. అందుకే పక్కింటావిడతో గుర్తుమాట ముందే అనుకోండి. "తోడుకి చుక్క మజ్జిగుందా అక్కా" అంటే పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యమని. ఆవిడ వచ్చి నిలదీయకూడదు. పుట్టింటివాళ్లు కూడా అతనికి ఫోన్ చేసి మందలించకూడదు. వాళ్లు ఫోన్ పెట్టేశాక ఆ కోపమంతా మీ మీదే పడుతుంది. విశాఖపట్నంలో కంచరపాలెం, అరిలోవ లాంటి చోట్ల సందుల్లో డోర్ నంబరుతో ఇల్లు పట్టుకోవడం కష్టం. గుడో, రేషన్ షాపో ఆనవాలు చెప్పమనండి.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఫొటోలు తీసి నమ్మినవాళ్లకు పంపండి. రెండు వారాల మందులు, కొంత నగదు, పిల్లల బట్టలు పక్కింట్లో ఉంచండి. గొడవ మొదలైతే వంటింట్లో ఉండొద్దు, అక్కడ కత్తిపీటా వేడి నూనే ఉంటాయి. వీధి తలుపు వైపు జరగండి.

గొంతు నులిమితే, కమిలిన గుర్తు లేకపోయినా, వెంటనే కేజీహెచ్‌కి (విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి) వెళ్లండి. లోపలి వాపు గంటల తర్వాత కూడా ఊపిరి ఆపేయగలదు. డాక్టరుతో "జారిపడ్డాను" అనొద్దు, కాగితం మీద అదే మిగులుతుంది. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలిపే కేసుగా, రాయమనండి.

రోజూ తాగేవాడికి మద్యం షాపులు మూసి మందు ఒక్కసారిగా ఆగితే, రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం రావచ్చు. అది ప్రాణాపాయం, 108కి చెప్పండి. అయితే కొట్టడానికి అదొక సాకు కాదు.

2005 గృహహింస చట్టం కింద, ఇల్లు అతని పేరున ఉన్నా మిమ్మల్ని గెంటే హక్కు అతనికి లేదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి రక్షణాధికారి (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టే అధికారి) వివరాలు అడగండి. ఆయన నివేదిక మేజిస్ట్రేటుకు వెళ్తుంది. అవసరమైతే మీ భర్త కోర్టుకు రాకముందే మేజిస్ట్రేటు మధ్యంతర (తాత్కాలిక) రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు, నంబరు 15100.

ఈ సాయం నంబర్లకు మాట్లాడిన ప్రతిసారీ కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసెయ్యండి. బెదిరింపు మెసేజ్‌లు మాత్రం చెరిపెయ్యకండి.