'తర్వాత'ను తీసేశాక కథ కదిలింది

మా బడి తాళ్ళరేవు దగ్గర. వలసల పాఠం కోసం ఎనిమిదో తరగతి వాళ్ళ చేత కథ రాయించాను: కాకినాడ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళిన కూలీ కుర్రవాడి కథ. తెలుగువాళ్ళను బర్మాలో కోరంగీలు అనేవారని చెబితే పిల్లలకు భలే హుషారు వచ్చింది. కోరంగి మాకు పక్కనే మరి. రాసినవి చూస్తే మాత్రం నీరసమే. "కరువు వచ్చింది. తర్వాత ఓడెక్కాడు. తర్వాత గొడవలు జరిగాయి."

కారణాలు, ఫలితాలు అని పట్టిక గీయించాను. దండగ. పాఠ్యపుస్తకం చూసి దించేశారు.

మర్నాడు 'తర్వాత' అనే మాటను నిషేధించాను. ప్రతి వాక్యమూ 'అందుకే'తోనో 'అయినా'తోనో అతకాలి. కాసేపటికి ఒక అమ్మాయి లేచింది: "ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కదా మాస్టారూ, నీళ్ళొచ్చాక కూడా ఎందుకు వెళ్ళారు?"

నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. పొలం లేనివాడికి కాలువ నీళ్ళొచ్చినా పని నాట్లకూ కోతలకే. అటు 1869లో సూయజ్ కాలువ తెరిచారు, అందుకే ఐరోపాకు ఓడల దారి దగ్గరైంది. బర్మా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగింది. అందుకే రంగూన్ మిల్లులకు, రేవుకు మనుషులు కావలసి వచ్చారు. 1930 మే నెలలో అక్కడి తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు. అందుకే బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మన్నారు, అందుకే అల్లర్లు.

చివరగా ఒక పరీక్ష: ఏ వాక్యం కొట్టేస్తే కథ ఆగిపోతుంది? ఒకడి కథలో తుఫాను తీసేసినా ఏమీ ఆగలేదు. అయినా వదలనన్నాడు. బాగా రాశాడు, ఉంచుకోమన్నాను.